నల్లని మెఱుగు

నల్లని వస్త్రము మాసినను కంటికి కనబడదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను నమ్మి నేను మా నాయనగారి కారు లోపలి భాగమున కంతటికిని నిగనిగలాడు నల్లరంగు వేయబూనితిని. అందులకై ఒక వేసవి సెలవులను సంపూర్ణముగా వ్యయపఱచి, ఒక ప్రాణమునకు హాని కలుగబోయి తప్పిపోగా చూచి, తుదకు ఆ మాట వస్త్రమునకు చెల్లునేమో గాని మెఱుగునకు మాత్రము చెల్లదని తెలిసికొంటిని. కారు లోపలి ప్లాస్టిక్ పలకలకు రంగు వేయుట యెంతటి పని, దానిని గూర్చి పత్రికలో వ్రాయవలెనా యని చదువరులు నవ్వవచ్చును. చిన్న పనిలో నేర్చిన పాఠమే నాకు పెద్దకాలము జ్ఞాపకమున్నది గనుక వ్రాయుచున్నాను.

మాది కడప జిల్లా వల్లూరు. పదమూడవ శతాబ్దమున కాయస్థ నాయకులకు రాజధానియై వెలసిన యూరే గాని, నా చిన్ననాటికి ఆ వైభవము పుస్తకములలో మాత్రమే మిగిలియుండెను. 1999లో మా నాయనగారు కడపలో నొకరి యొద్ద పాతదగు మారుతి 800 కారును కొనినప్పుడు, మా వీధిలో కారు గలవారు మఱియొకరు లేరు. ఆ బండి మన దేశమున 1983 డిసెంబరులో మొదట వెలువడి, 2014 జనవరి వఱకు తయారైనది. మధ్యతరగతి గృహస్థులలో ననేకులకు మొదటి కారు అదియే. మా బండి తెల్లనిది. లోపలి పలకలన్నియు బూడిదరంగువి.

ఆ కాలమున మా ప్రాంతపు పల్లెలలో రాత్రివేళ ఎవరికైనను ప్రాణముమీదికి వచ్చినచో దిక్కు తోచెడిది కాదు. 108 అంబులెన్సు సేవ మన రాష్ట్రమున 2005 ఆగస్టు 15వ తేదీన ఆరంభమయ్యెను. అది పల్లెపల్లెకును చేరుటకు మఱికొంత కాలము పట్టెను. అంతవఱకును మా వీధివారికి మాత్రమే గాక చుట్టుప్రక్కల పల్లెలవారికిని మా నాయనగారి బండియే అంబులెన్సు. అర్ధరాత్రి తలుపు తట్టిన శబ్దము వినబడగానే ఆయన చొక్కా తొడిగికొనుచునే వెలుపలికి వచ్చెడివారు. ఎక్కువమందిని కడపకు తీసికొనిపోవుచుండిరి. కొందఱు జమ్మలమడుగులోని క్యాంబెలు ఆసుపత్రికే పోవలెనని పట్టుపట్టగా, దూరమైనను అచటికే తోలుచుండిరి. పెట్రోలు డబ్బులు ఇచ్చినచో పుచ్చుకొందురు, ఇయ్యనివారిని అడుగరు.

2015లో మా నాయనగారు కాలము చేసిరి. బండి నాకు వచ్చినది. నేను ప్రొద్దుటూరు ప్రక్క నొక పాఠశాలలో ఉపాధ్యాయుడను. వారమునకొకసారి బండిలో వల్లూరు వచ్చి మా యమ్మను చూచి పోవుచుంటిని. ఇంజను ఇంకను ఆరోగ్యముగనే యుండెను గాని, లోపలి పలకలు ఎండకు వెలసి, చేతులు తగులుచోట్ల జిడ్డుపట్టి, అచ్చటచ్చట గీతలుపడి వృద్ధుని ముఖమువలె నుండెను. నాకు అప్పటికి అది లోపముగా తోచలేదు.

2018 వేసవిలో మా బంధువుల యింట వివాహమయ్యెను. పెండ్లికుమారుని మేనమామను స్టేషను నుండి తీసికొనివచ్చు పని నాకు ఒప్పగింపబడెను. ఆయన బండియెక్కి నలువైపులను చూచి, "బయట బాగానే ఉండాది గానీ, లోపలంతా ఆసుపత్రి బెంచీ మాదిరుండాది గదప్పా!" అని నవ్వెను. వెనుక కూర్చున్న పిల్లలు కూడ నవ్విరి. ఆ పెండ్లిపందిటి యెదుటనే వేఱొకరి క్రొత్త కారు నిలిచియుండెను. దాని డాష్‌బోర్డు నడిమి పలకయు, తలుపుల లోపలి అంచులును పియానో వాద్యమువలె నల్లగా మెఱయుచుండెను. నా ముఖమే అందులో నాకు కనబడినది. ఆ రాత్రియే నా బండికిని అట్టి మెఱుగు వేయవలెనని నిశ్చయించుకొంటిని. నిజము చెప్పవలెనన్న, బండియందలి ప్రేమకంటె నవ్వినవారియందలి కోపమే నన్ను ఆ పనికి పురికొల్పినది.

నేను మెచ్చిన ఈ నల్లని మెఱుగు నేటి వింత కాదు. చీనా, జపాను దేశములవారు ఒక జాతి చెట్టునుండి కారు పాలను తీసి, పొరపై పొరగా కొయ్యసామానులకు పూసి, ప్రతి పొరను ఆరనిచ్చి రుద్ది, అద్దమువంటి నలుపును వేల యేండ్ల క్రిందటనే సాధించిరి. ఐరోపావారు ఆ పనితనమును చూచి ముగ్ధులై తమకు దొరకిన వార్నీషులతో దానిని అనుకరించిరి. పియానోల నలుపు ఆ వంశములోనిదే. కార్ల చరిత్రలో ఫోర్డు కంపెనీవారి టీ మోడలు బండ్లు 1914 మొదలు 1925 వఱకు నలుపుతోనే వచ్చినవి. ఆ రంగు చౌకయు, గట్టిదియు నగుటయే ముఖ్యకారణము. 1923 ప్రాంతమున అమెరికాలోని డ్యూపాంటువారు డ్యూకో యను లక్కరును కార్లకు తెచ్చుటతో, వారముల తరబడి ఆరవలసిన రంగు గంటలలో నారసాగినది. మన తెలుగునాట నిర్మల్ పనివాండ్రు కొయ్యపలకలపై నిగనిగలాడు నల్లని నేల వేసి, దానిపై బంగారు తీగెలవంటి లతలు దిద్దుట మీలో పలువురు చూచియే యుందురు. వారును డ్యూకో రంగులను వాడుదురు. నాకు ఆ పనివాండ్రయందు భక్తి యున్నది గాని, వారి ఓర్పు మాత్రము అప్పటికి అబ్బలేదు.

మే నెలలో పని నారంభించితిని. మా పెరటి వేపచెట్టు క్రింద గోనెపట్ట పఱచి, బండిలోని పలకలను మరచుట్లతో నూడదీసి దానిపై పేర్చితిని. కడపలో కొనితెచ్చిన చిమ్మెడు రంగు డబ్బాలు ఆరు. పలకలను తడిగుడ్డతో నొకసారి తుడిచి, ఉప్పుకాగితముతో నొక మోస్తరుగా గీకి, ఆ మధ్యాహ్నమే రంగు చిమ్మితిని. వెనుక తలుపుల పలకలకు మాత్రము డబ్బాలు చాలకపోగా, వానిని తరువాత చూచుకొందమని మరల బిగించితిని. అంతకుముందు మూడేండ్లుగా నేను ప్రతి పండుగకును డాష్‌బోర్డును ఒక మెఱుగునూనెతో తుడుచుచుంటిని. ఆ నూనెలోని సిలికోను ప్లాస్టికును పట్టి యుండునని నాకు తెలియదు. రంగు పడిన వెంటనే అది నిలువక ప్రక్కలకు జాఱి, పలకమీద చేపకన్నులవలె గుండ్రని గుంటలు లేచినవి. నాటి దొంగమెఱుగు నేటి మెఱుగునకు శత్రువయ్యెను.

అంతటితో పోలేదు. ఆ యెండ నలుబది రెండు డిగ్రీలు. రంగులోని థిన్నరు గాలిలోనే యావిరియైపోగా, బొట్లు పలకను చేరుసరికి సగమారి, ఒండొంటితో కలిసిపోక, ఇసుక చల్లినట్లు నిలిచినవి. నున్నగా వచ్చునని అదేచోట మఱింత చిమ్మితిని. అది కారి చారలుకట్టెను. గాలి వీచి వేపపూతయు, దుమ్మును దానిపై పడెను. నేను వానిని వ్రేలితో తీయబోగా వ్రేలిముద్ర నిలిచెను. అయినను సాయంకాలము దూరమునుండి చూచునప్పటికి నల్లగా, మెఱయుచు, కంటికింపుగనే యుండెను. దూరమునుండి చూచుటయే చాలునని నా మనస్సునకు నచ్చజెప్పుకొని, పలకలను మరల బిగించితిని. ఇరుగుపొరుగువారు వచ్చి మెచ్చుకొనిరి. మా యమ్మ మాత్రము ముందు తలుపును తడిమి చూచి, ఏమియు ననక లోనికి పోయెను.

జూన్ నెల మొదటివారమున నొకనాటి సాయంకాలము అమ్మను కడపలో కన్నుల వైద్యునికి చూపించి వల్లూరు వచ్చుచుంటిని. కడపనుండి మా యూరికి దారి వాయవ్యముగా పోవును; వేసవిలో అస్తమించు సూర్యుడు ఇంచుమించు ఎదురుగనే యుండును. ఆ దారిలో నేను వందలసారులు తోలితిని. సూర్యుడు ఎదురైనప్పుడు కంటిపై నీడకు అద్దము పైనున్న రేకు దించుకొనిన సరిపోయెడిది. ఆనాడు మాత్రము వెలుగు పైనుండి గాక క్రిందినుండి వచ్చెను. నేను అంత ముచ్చటపడి మెఱుగుపెట్టిన డాష్‌బోర్డు పైభాగము అద్దమై, సూర్యబింబమును పట్టి సూటిగా నా కన్నులలోనికి కొట్టెను. దానిని మఱుగుపఱచుటకు ఏ రేకును లేదు. దారి యంతయు తెల్లని మంటవలె తోచెను.

అమ్మ "నాయనా, బఱ్ఱెలు!" అని కేక వేసినది. నేను బ్రేకు త్రొక్కితిని. బండి ఆగిన తరువాత చూచితిని గదా, ముందు బంపరునకు మూరెడు దూరమున పదేండ్ల బాలుడొకడు, చేత కఱ్ఱయు, వెనుక రెండు బఱ్ఱెలును. వాడు పరుగెత్తలేదు. నా ముఖము చూచి, "ఎదురుగానే ఉండాను కదన్నా, కనపళ్ళేదా?" అని మాత్రము అడిగెను. కనబడలేదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. వాడు బఱ్ఱెలను అదలించుకొని పోయెను. నేను బండిని ప్రక్కకు తీసి, చేతులవణకు తగ్గువఱకు అచటనే కూర్చుంటిని. పైనున్న కండువాను డాష్‌బోర్డుపై పఱచి, ఆ మెఱుగును కప్పి, ఇల్లు చేరితిని. దారి పొడవునను అమ్మ ఒక్క మాట యాడలేదు. మా నాయనగారు అన్ని రాత్రులు, అంతమంది రోగులతో, అదే డాష్‌బోర్డు వెనుక కూర్చుండి తోలిరి. ఆ బండి చేత ఒక కోడిపిల్లకైనను హాని జరుగలేదు.

సెలవులు ముగిసిన పిమ్మట ప్రొద్దుటూరిలో కార్లకు రంగులువేయు ఒక వృద్ధ మేస్త్రీకి బండిని చూపించితిని. ఆయన కన్నద్దములు పైకెత్తుకొని పలకలను పరిశీలించి, గోటితో నొక అంచును గీకెను. రంగు అరటిపొరవలె నూడి చేతికి వచ్చెను. ఆయన నవ్వలేదు. "అయ్యవారూ, నలుపు చాడీలు చెప్పే రంగు. తెలుపైతే లోపల ఏముండినా కొంచెం దాస్తాది. నలుపు మాత్రం లోపల నువ్వు చేసిందంతా బయటికి చెప్పేస్తాది" అనెను. తరువాత, "నీది ఎఱ్ఱగుంట్ల దారే కదా, బండల మిల్లులో ఏం చేస్తారో ఎప్పుడైనా నిలబడి చూసినావా?" అని యడిగెను.

నేను చూడలేదు. వారమువారము ఆ మిల్లుల ముందునుండియే పోవుచుంటిని గాని ఆగలేదు. ఆ శనివారము ఆగితిని. మన కడప బండ దేశమంతటను వంటయిండ్ల గట్లకును, అరలకును వాడబడునది. ఇతర రాష్ట్రములవారు దానిని మన జిల్లా పేరుతోనే పిలుతురు. గనినుండి వచ్చినప్పుడు ఆ నాపరాయి వన్నెలేని బూడిదరంగుగా నుండును. మిల్లులో దానిపై నీరుపోసి, మొదట గరుకురాతితో, పిమ్మట అంతకంటె నున్ననిదానితో, ఆపైని ఇంకను నున్ననిదానితో అరుగదీయుదురు. వారు దానికి చుక్కెడు రంగైనను వేయరు. అయినను చివరకు అది నల్లనై, నిలిచిన మనుష్యుని ముఖము చూపును. ఆ నలుపు ఎక్కడినుండి వచ్చినది? రాతిలోనే యున్నది; గరుకుతనము దానిని కప్పియుంచినది.

ఇందలి శాస్త్రము పై తరగతుల విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. ఇట్టి పదార్థములపై వెలుగు సూటిగా పడినప్పుడు నూటికి సుమారు 4 పాళ్లు పైపొరనుండియే వెనుకకు మరలును. తక్కినది లోనికి పోయి, నల్లని పదార్థమైనచో అందే అణగిపోవును. పైపొర గరుకుగా నున్నయెడల ఆ నాలుగుపాళ్ల వెలుగు అన్నివైపులకు చెదరి, ఏ వైపునుండి చూచినను కంటికి కొంత చేరుటచే నలుపు బూడిదగా కనబడును. నున్ననిదైనచో ఆ వెలుగంతయు ఒక్క దిక్కుననే పోవును. మిగిలిన దిక్కులనుండి చూచువానికి అది గాఢమైన నలుపు. బండపై నీరు పోయగానే అది నల్లబడుటకు కారణము గూడ ఇదియే. నీరు గుంటలను పూడ్చి పైపొరను సమముచేయును. అయితే వెలుగు వాలుగా పడినకొలది మరలెడి పాలు నాలుగు కంటె మిక్కిలి హెచ్చును. వాలు వెలుగు మరలెడి ఆ యొక్క దిక్కున కన్ను ఉన్నచో ఏమగునో, ఆ సాయంకాలము బఱ్ఱెలు కాచు బాలుడు నాకు నేర్పెను.

మేస్త్రీ నాకు తన షెడ్డులో ఒక మూలను, సంక్రాంతి సెలవులలో వారము దినములను ఇచ్చుటకు ఒప్పుకొనెను. కూలి పుచ్చుకొనుటకు ఒప్పుకొనలేదు గాని, పని మాత్రము నా చేతనే చేయించెదనని షరతు పెట్టెను. జనవరిలో ఎండ మెత్తనిది, గాలి పొడినిది. వానకాలమున చెమ్మ తగిలి లక్కరు తెల్లబడునట్టి భయమును లేదు.

మొదటి దినము రంగు ఊసే లేదు. ఊడదీసిన మరలను ఏ పలకవి ఆ పలకకు వేఱువేఱు ఆకుదొన్నెలలో వేసి గుర్తులు పెట్టితిని. పిదప ప్రతి పలకను సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, జిడ్డుతీయు ద్రావకముతో శుభ్రమైన గుడ్డపెట్టి ఒకే దిక్కుగా తుడిచి, గుడ్డ మార్చి మరల తుడిచితిని. సిలికోను పోయినదని మేస్త్రీకి నమ్మకము కలుగువఱకు నాలుగు సారులు తుడువవలసి వచ్చెను.

ఆ తరువాత ప్లాస్టికు జాతిని నిర్ణయించితిమి. పలక వెనుక దాని జాతి యక్షరములు అచ్చువేయబడి యుండుట కలదు; లేనిచోట మేస్త్రీ యొక చిన్న ఉపాయము చెప్పెను. పలక మఱుగుభాగమునుండి గోరంత ముక్కను కోసి నీటిలో వేయవలెను. పాలీప్రొపిలీను నీటికంటె తేలికగాన తేలును, ఏ.బి.ఎస్. అనునది మునుగును. రాతిపొడి కలిపి చేసిన పాలీప్రొపిలీనుకు మాత్రము ఈ పరీక్ష చెల్లకపోవచ్చును. ఇది మీ విజ్ఞానశాస్త్ర తరగతిలోనే చేసి చూడదగినది. పాలీప్రొపిలీను జిడ్డుగల స్వభావముది. ఏ రంగును తనంతట తాను పట్టనియ్యదు. దానికి ముందుగా అంటును కలిగించెడి ప్రత్యేకమైన పలుచని పూత పూయవలెను. నా మొదటి రంగు అరటిపొరవలె నూడుటకు కారణము ఇదియే.

రెండవ దినము, మూడవ దినము రుద్దుటయే పని. కార్ల పలకలకు తోలువంటి సన్నని గరుకు అచ్చులోనే పోయబడియుండును. ఆ గరుకుపై ఎన్ని పూతలు వేసినను అద్దము కాదు. నీటిలో తడిపిన 320 నంబరు కాగితముతో దానిని అణచి, 600తో నున్నచేసి, దళసరి ప్రైమరు చిమ్మి, ఆరిన పిమ్మట దానిపై వేఱు రంగు మంచువలె పలుచగా చిలుకరించి మరల రుద్దితిని. ఆ చిలుకరించిన రంగు ఎక్కడ మిగులునో అక్కడ పల్లమున్నదని యర్థము. పల్లము కన్నునకు తెలియదు, చేతికి సగము తెలియును. ఆ గుర్తురంగు మాత్రము దాచదు. ఒక్క నడిమి పలకకే ఈ పని మూడుసారులు చేయవలసివచ్చెను.

ఆ దినముననే వెనుక ఎడమ తలుపు పలకను చేతికి తీసికొంటిని. ముందు నేను రంగువేయక విడిచిన పలకలలో నదియొకటి. సబ్బునీటితో కడుగగా జిడ్డు పోయి, చేయి పట్టుకొనుచోట నెలవంకలవంటి చిన్నచిన్న నొక్కులు బయటపడినవి. పది, పదునైదు, ఇంకను ఎక్కువ. అవి గీతలు కావు, గోళ్ల గుర్తులు. నొప్పులతో కడపకు పోయిన తల్లులు, ఆయాసముతో రొమ్ము పట్టుకొని పోయిన వృద్ధులు ఆ వెనుకసీటున కూర్చుండి, గతుకుల రోడ్డుపై ఆ తలుపును పట్టుకొని పెట్టిన గుర్తులు. ఆసుపత్రి బెంచీ యని ఆ బంధువు నవ్విన మాట అప్పుడు నాకు వేఱువిధముగా వినబడెను.

రుద్దుకాగితమును క్రింద పెట్టి ఆ రాత్రి అమ్మకు ఫోను చేసితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "దాన్ని గీకొద్దు నాయనా. పట్టుకుండేది ఆడనే. నువ్వు ముందు తలుపు నున్నగా చేసినావు చూడు, దాన్ని పట్టుకుంటే చెయ్యి జారతా ఉండాది. మళ్లా ఎవురన్నా ఎక్కితే ఎట్ల పట్టుకుంటారు?" అనెను. వేసవిలో ఆమె ముందు తలుపును తడిమి మాటాడక లోనికి పోయిన కారణము నాకు అప్పుడు తెలిసినది. నేను ఆ గుర్తులను జ్ఞాపకచిహ్నములుగా చూచుచుంటిని. ఆమె వానిని ఆ తలుపు చేయవలసిన పనిగా చూచుచుండెను. ఆమె చూపే సరియైనది.

మఱునాడు మేస్త్రీతో, డాష్‌బోర్డు పైభాగమునకు మెఱుగులేని నలుపే వేయుదమనియు, చేతులు పట్టుచోట్ల నేమియు వేయవలదనియు, వెనుక ఎడమ తలుపును ఉన్నదున్నట్లే యుంచుదమనియు చెప్పితిని. ఆయన, "ఇంక నువ్వు రంగు వేసేకి పనికొస్తావు, అయ్యవారూ" అనెను.

నాలుగవ దినము తెల్లవారుజామున నేలపై నీళ్లు చల్లి దుమ్మునణచి, తలుపులు మూసి, రంగు చిమ్మితిమి. ఒక్క దళసరి పూతకంటె మూడు పలుచని పూతలు మేలు. ప్రతి పూతకును నడుమ ఓపిక పట్టవలెను. గన్నును పలకకు జానెడు దూరమున, ఒకే వేగముతో, అంచుదాటిన తరువాతనే ఆపుచు నడుపవలెను. పైని నీరువంటి మెఱుగుపూత వేయుటకు మాత్రము మేస్త్రీ నన్ను వెలుపలికి పంపెను. రెండు డబ్బాల సరకును కలిపి వేయు ఆ పూతలో ఐసోసయనేట్లను పదార్థము లుండును. వాని తుంపర పీల్చినచో తగ్గని ఉబ్బసము కలుగవచ్చును. ముక్కునకు గుడ్డ కట్టుకొనిన చాలదు. వెలుపలి శుభ్రమైన గాలిని గొట్టము ద్వారా అందించు ముసుగు ధరించినవారే ఆ పని చేయదగినవారు. విద్యార్థులెవరును దీనిని ఇంట చేయబూనరాదని ఇచట గట్టిగా చెప్పుచున్నాను. అట్లే గాలిసంచి గల బండ్లలో దాని మూతపై నేరంగును వేయరాదు; అది ఆపత్సమయమున చినుగవలసినచోట చినుగక ప్రాణము తీయవచ్చును.

రెండు దినములు దానిని ముట్టలేదు. ఏడవ దినమున 1500, 2000 నంబర్ల కాగితములతో నీటిలో మృదువుగా రుద్దగా మెఱుపంతయు పోయి పలక మరల బూడిదరంగు తిరిగెను. నా గుండె జాఱినది. మేస్త్రీ, "బండ మిల్లు మఱిచిపోయినావా?" అనెను. రబ్బింగు కాంపౌండుతో మెత్తని గుడ్డపెట్టి రుద్దుచుండగా, అరచేయి పట్టునంత చోట మొదట చీకటి తెరచికొనినట్లు నలుపు లేచెను. అది మెల్లగా అంచులవఱకు వ్యాపించెను. మేస్త్రీ పలకను ట్యూబులైటు క్రింద పట్టి, ఆ దీపపు నీడ వంకరలేక తిన్నగా నున్నదా యని చూచెను. ఒక మూలలో మాత్రము అది కొంచెము వణకెను. "ఇది నువ్వు మూడో రోజు మధ్యాన్నం అలిసిపోయి రుద్దిన చోటు" అనెను. అది నిజము.

ఇది జరిగి కొన్నియేండ్లయినది. ఆ మెఱుగును గూర్చి అతిగా పొగడుట సత్యము కాదు. మధ్యాహ్నపు టెండలో మూసియుంచిన బండిలో డాష్‌బోర్డు వేడి డెబ్బది డిగ్రీలు దాటుట కలదు. అట్టిచోట నలుపు ముట్టరానంతగా కాలును. వ్రేలిముద్ర పడినచో కనబడును. దుమ్ముపై పొడిగుడ్డతో తుడిచినచో వెండ్రుకవంటి గీతలు పడును. తడిపిన మెత్తని గుడ్డతో, ఒత్తక, తుడుచుచుండవలెను. నడిమి పలకయు, తలుపుల పైయంచులును మాత్రమే నాకు మెఱుగు నిచ్చుచున్నవి. నా కెదురుగా నున్న డాష్‌బోర్డు పైభాగము మసివలె మెఱుగులేనిది. సాయంకాలపు సూర్యుడు దానిపై పడి అందే అణగిపోవును, దారి తేటగా కనబడును.

విద్యార్థులారా, సెలవులలో మీరును ఏదో యొక వస్తువును క్రొత్తచేయ బూనుదురు. పాత సైకిలో, తాతగారి పెట్టెయో, చదువుబల్లయో. చేయుడు; చేతులతో చేసిన పని నేర్పునంత పుస్తకము నేర్పదు. అయితే రంగుడబ్బా తెరచుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఎవరి మెప్పుకొఱకు మెఱయవలెను? మెఱసిన తరువాత ఇది తన పనిని మునుపటివలె చేయునా? ఈ రెంటిని నేను వేసికొని యుండినచో, ఒక బాలుడు నా బండి ముందు నిలిచి కనబడలేదా యని అడుగవలసిన దినము వచ్చియుండెడిది కాదు.

మా వీధిలో నేటికిని ఒక్కొక్కప్పుడు, అంబులెన్సు వేఱుచోటికి పోయియున్న రాత్రులలో, మా తలుపు తట్టుదురు. నేను ఊరనున్నచో చొక్కా తొడిగికొనుచు వెలుపలికి వత్తును. ముందుసీటువైపు రాబోవువారిని వెనుకకు, ఎడమవైపునకు కూర్చుండుడని చెప్పుదును. ఆ తలుపు బూడిదరంగుది. అది చేతికి చక్కగా దొరకును.